ఒక లైను తక్కువ

మార్చి 4, మంగళవారం

పదకొండు మైక్రాన్లు. వెంట్రుక మందంలో ఆరో వంతు కూడా కాదు. ఆ పదకొండు కోసం పూట సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, డాక్టరమ్మ గది బయట బల్ల మీద నడుం విరిగేలా కూర్చుని, చివరికి కాదనిపించుకుని వచ్చాం.

మా అమ్మాయి బుడ్డికి చిన్నప్పటి నుంచీ కళ్ళజోళ్ళు రాసిస్తున్నది ఈ డాక్టరమ్మే. సోడాబుడ్డి అద్దాలని మా తమ్ముడు ఎగతాళిగా పెట్టిన పేరు దానికి అలాగే అతుక్కుపోయింది. ఇరవై ఆరేళ్ళొచ్చినా బుడ్డి బుడ్డే. అద్దాలు తీస్తే తలుపేదో బీరువా ఏదో తెలియదు. అలాంటిది ఫైర్ సర్వీసులో చేరతానని పట్టుబట్టింది. పట్టుబట్టి ఊరుకోలేదు, పరుగు పరీక్ష గట్టెక్కింది, నిచ్చెన పరీక్ష గట్టెక్కింది, తనంత బరువున్న బొమ్మని భుజాన వేసుకుని మూడంతస్తులు దిగింది. మిగిలింది కంటి పరీక్ష ఒక్కటే. అది అద్దాలు లేకుండా గట్టెక్కాలి, మే నెలాఖరున. అద్దాలు పోయేలా కంటికి లేజరు చేయించుకున్నాక రెండు నెలలు గడిస్తేనే ఆ పరీక్షకి రానిస్తారు. అంటే ఈ నెలలో లేజరు పడకపోతే ఈ ఏడు పోయినట్టే. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇంక జన్మలో లేదు.

డాక్టరమ్మ కాగితం మీద తీసివేత వేసి మరీ చూపించింది.

"కంటి ముందు పొర, కార్నియా, నాలుగొందల తొంభై ఒక్క మైక్రాన్లు ఉందమ్మా. పైన మూతలా కోయడానికి నూట పది పోతుంది. లోపల లేజరు తినేది తొంభై రెండు. మిగిలేది రెండొందల ఎనభై తొమ్మిది. మూడొందలు మిగలందే నేను చేయించుకోమని చెప్పను."

"మిగలకపోతే ఏమవుతుందండీ?"

"ఇప్పుడేం కాదు. నాలుగేళ్ళకో ఐదేళ్ళకో పల్చబడ్డ చోట ఉబ్బుతుంది. అప్పుడు ఏ అద్దాలు పెట్టినా చూపు సరిగా రాదు. అందరికీ అలా అవుతుందని కాదు. ఎవరికవుతుందో ముందుగా చెప్పలేను, అదీ నా బాధ."

నాకు మైక్రాన్లు నేర్పుతోంది ఆవిడ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసేదే అది. సానపట్టి వచ్చిన ఇనప పిన్నులు కొలిచి, ఒక్క మైక్రాను తేడా వచ్చినా పక్కన పడేస్తానని మా మిషను షాపులో నన్ను వెంట్రుకమ్మ అంటారు. ముందర మేడమ్ అంటారు, వెనకాల వెంట్రుకమ్మ. అననీ. నాకు తెలియని మైక్రాన్లా ఇవి.

బస్సులో బుడ్డి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

మార్చి 5, బుధవారం

మా ఆయన సంగతి రాయాలంటే కలం కూడా విసుక్కుంటుంది. డ్రైవింగు నేర్పే మనిషి. గోడకీ బండికీ మధ్య అడుగు చోటుంటే ఈయన దృష్టిలో అది మైదానం. అలాంటాయన పొద్దున్నే ఫోను పట్టుకుని, ఏ కొలతనైనా ఏ కొలతలోకైనా మార్చిపెట్టే యాప్ ఒకటి వెతికి పట్టుకున్నారు.

"ఇదిగో చూడు. నానోమీటర్లలో కొడితే నాలుగు లక్షల తొంభై ఒక్క వేలు వచ్చింది. ఇంత పెట్టుకుని చాలదంటుందేంటి ఆవిడ?"

"ఆవిడ తక్కువన్నది కూడా అందులోకే మార్చండి."

మార్చారు. మొహం పాలిపోయింది. "పదకొండు వేలు తక్కువంట. నిన్న పదకొండే అన్నావు కదే."

ఆ పైన ఆంగ్‌స్ట్రామని ఇంకొకటుందట. అందులోకి మారిస్తే లోటు లక్షా పదివేలైంది. మనిషి కుర్చీలో కూలబడ్డారు. ఫోను లాక్కుని అలమరలో పెట్టి తాళం వేశాను. ఎందులోకి మార్చినా ఆ పొర ఎంతుందో అంతే ఉంటుందని ఈయనకి ఏ భాషలో చెప్పాలి.

తర్వాత నేనూ అంగుళాల్లోకి మార్చి చూశాను, ఊరికే. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో సగం ముక్క కూడా రాదు మన లోటు. ఇలా చూస్తే అసలు లోటనే అనిపించడం లేదు.

మార్చి 8, శనివారం

ఇంకో చోట కొలిపించాం. కొలతలో అనుమానం వస్తే రెండో పరికరంతో చూడడం మా పనిలో మామూలే. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు.

స్కానింగు వాళ్ళు ఇచ్చిన కాగితం మీద 0.49 మి.మీ. అని ఉంది. కౌంటరు దగ్గరికి వెళ్ళాను.

"ఇది మైక్రాన్లలో ఇవ్వమ్మా."

"వెయ్యితో హెచ్చవేసుకోండి మేడమ్, అదే వస్తుంది."

"వేస్తే నాలుగొందల తొంభై వస్తోంది. అక్కడ తొంభై ఒకటి వచ్చింది. ఆ ఒక్కటీ ఏమైంది?"

"మిషను రెండంకెలే ఇస్తుంది మేడమ్."

"అంటే అసలు కొలత తొంభై నాలుగైనా ఇలాగే ఇస్తుందా?"

"ఇస్తుంది మేడమ్."

"ఎనభై ఆరైనా?"

ఆ పిల్ల నా భుజం మీదుగా చూసి, వెనకున్నవాళ్ళని రమ్మంది.

చదువుకున్నవాళ్ళు నడిపే చోట కొలతలింత మోటుగా ఉంటాయా. కంటిని కొలుస్తున్నారా, గుమ్మాన్ని కొలుస్తున్నారా. మా షాపులో ఇలాంటి కాగితం నా బల్ల మీద పెడితే మొహాన కొట్టేదాన్ని.

అయినా తొంభై నాలుగు అయ్యుండడానికి వీలుంది కదా. ఇంటికొచ్చేదాకా తొంభై నాలుగే అనుకుంటూ వచ్చాను.

మార్చి 10, సోమవారం

సాన మిషను బాబాయి ట్రే నిండా పిన్నులు తెచ్చి పెట్టాడు. అన్నీ ఒక లైను తక్కువ. మైక్రోమీటరు మీద ఒక గీతంటే పది మైక్రాన్లు, దాన్నే మా షాపులో లైనంటారు. నేను చేరకముందు నుంచీ అంతే. ఇక్కడ మైక్రానని నోటితో అనేవాళ్ళే లేరు. లైను, అర లైను, పావు లైను.

"లైనే కదమ్మాయ్. నూనె రాస్తే అదే సర్దుకుంటుంది."

"నూనె నీ నెత్తికి రాసుకో బాబాయ్. తక్కువైన పిన్ను పక్కకే."

"ఎక్కువుంటే ఇంకోసారి సాన పట్టేవాణ్ణి. తక్కువైతే నేనేం తెచ్చి అతికించను?"

"అందుకే పక్కకి."

గొణుక్కుంటూ పోయాడు. ఏమని గొణుక్కున్నాడో నాకు తెలుసు.

ఇంటికి రాగానే లెక్క వేశాను. పదకొండు మైక్రాన్లంటే ఒక లైను, పైన ఒకటి. ఆ ఒక్కటీ వదిలేస్తే ఒక లైను. ఒక్క లైను కోసం ఒక పిల్ల బతుకు ఆపుతారా ఎవరైనా.

మార్చి 13, గురువారం

లేజరు సెంటరు. మూడో చోటు. ఇక్కడ కుర్చీలు మెత్తగా ఉన్నాయి, మనుషులు నవ్వుతూ మాట్లాడతారు, తాగడానికి చల్లటి నీళ్ళు ఇస్తారు. వీళ్ళ మిషను నాలుగొందల తొంభై ఎనిమిది చూపించింది. అంతేకాదు, పైమూత నూరు మైక్రాన్లకే కోస్తారట.

"మిగిలేది మూడొందల ఆరు మేడమ్. పైన ఆరు మిగులు," అన్నాడు అక్కడి కుర్రడాక్టరు, నాకేదో కానుక ఇస్తున్నట్టు. "శుక్రవారం ఇరవై ఎనిమిదిన ఖాళీ ఉంది. పేరు రాసేయమంటారా?"

రాసేయమన్నాను. ఆయనైతే ఆ డాక్టరు చెయ్యి పట్టుకుని వదల్లేదు. బుడ్డి మాత్రం బయటికొచ్చాక మెట్ల మీద ఆగిపోయింది.

"ఒకళ్ళు తొంభై ఒకటి అంటున్నారు, ఒకళ్ళు తొంభై ఎనిమిది. ఏది నిజమమ్మా?"

"కొత్త మిషన్లు బాగా కొలుస్తాయి."

"డాక్టరమ్మ సరేనంటే చేయించుకుంటాను. ఆవిడ కాదంటే లేదు. పిల్లప్పటి నుంచీ నా కళ్ళు చూసింది ఆవిడే."

"మరి వెళ్ళి అడుగు."

"రేపట్నుంచి పొద్దునా సాయంత్రం ట్రైనింగే, ఎక్కడ కుదురుతుంది? నువ్వడుగు. నాన్న అయితే అడ్డదిడ్డంగా అడిగొస్తాడు. నువ్వైతే ఒక్క అంకె కూడా జారనివ్వవు."

ఇంత నమ్మకం నా మీద ఎందుకో దానికి.

మార్చి 17, సోమవారం

అయింది. డాక్టరమ్మ సరేనంది.

వెళ్ళేసరికి ఆవిడ ఆపరేషన్లకి బయల్దేరుతోంది. గది బయట జనం. చెప్పులు చూసుకుని అడుగేయాల్సినంత జనం. ఆవిడ ఒక ముసలాయన చీటీ మీద ఏదో రాస్తూ, నడుస్తూనే ఉంది. నేను పక్కనే నడుస్తూ అడిగాను.

"మా బుడ్డికి ఒక లైను తక్కువొచ్చింది కదండీ. ఒక్క లైను తక్కువైతే మరీ అంత ఇబ్బందా?"

"ఒక లైనేగా? ఏం కాదమ్మా. సగం మందికి అంతే. హాయిగా పనులు చేసుకుంటున్నారు. ఊరికే దాని గురించి బెంగపడకండి."

తల కూడా ఎత్తలేదు, అంత తేలిగ్గా అంది. పదమూడు రోజుల కింద అదే నోటితో అంత భయపెట్టింది. డాక్టర్లకి కూడా రోజుకో మాటే. ఈ మాట ఆరోజే అనుంటే ఇన్ని బస్సులెక్కే పని తప్పేది.

తొంభై ఎనిమిది సంగతీ, నూరు మైక్రాన్ల మూత సంగతీ చెప్పడానికి వ్యవధి లేకపోయింది. కాగితాలు సంచీలోనే ఉన్నాయి. అయినా సరేనన్నాక ఇంకా కాగితాలెందుకు.

బుడ్డి వినగానే నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. బొమ్మని మోసినట్టే. ఈ వయసులో నాకు కళ్ళు తిరిగాయి.

మార్చి 18, మంగళవారం

బుడ్డి స్నానాల గదిలో పాడుకుంటోంది. చాలా రోజులైంది విని.

మార్చి 20, గురువారం

ఆయన వీధి వీధంతా చెప్పేశారు. ఇస్త్రీ అతను అడుగుతాడు, పక్కింటావిడ అడుగుతుంది, ఈయన దగ్గర బండి నేర్చుకుంటున్నవాళ్ళు స్టీరింగు వదిలేసి మరీ అడుగుతున్నారట. ఇంతకీ ఈయన చెప్తున్నది, తమ కూతురి కంటికి నాలుగు లక్షల చిల్లర నానోమీటర్లు ఉందని డాక్టర్లే ఆశ్చర్యపోయారని. పక్కింటావిడ నా దగ్గరకొచ్చి, "మాకెంతుంటాయంటారు వదినా?" అంది. మీకూ అంతే ఉంటాయి, ఇంకాస్త ఎక్కువే ఉంటాయి, వెళ్ళి పని చూసుకోమన్నాను.

మార్చి 24, సోమవారం

లేజరు సెంటర్లో ముందస్తు పరీక్షలన్నీ అయ్యాయి. శుక్రవారం పొద్దున ఖాళీ కడుపుతో రమ్మన్నారు. బస్సు దొరకలేదు, నడిచొచ్చాం. ఇవాళ ఇంతే.

మార్చి 25, మంగళవారం

నిన్న ఇంకొకటి జరిగింది. రాయాల్సినంత విషయం కాదనుకుని వదిలేశాను.

సెంటర్లో బుడ్డిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడున్న అద్దాలతోనే గోడ మీది అక్షరాల పలక చదివించారు. పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చీమలంత. బుడ్డి గబగబా చదువుకుంటూ వచ్చి, అన్నిటికంటే కింది వరస దగ్గర ఆగిపోయింది. చదివిస్తున్న అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ, "ఒక లైను తక్కువ," అంది. నేను ముందుకి వంగాను. నా మొహం చూసి, "ఒక లైనుకి ఏం కాదు మేడమ్, సగం మందికి అంతే," అంది.

అవే మాటలు. డాక్టరమ్మ అన్నవి అన్నట్టు.

కళ్ళ డాక్టర్ల దగ్గర లైనంటే ఇది. అక్షరాల వరస. అద్దాలతో మా అమ్మాయి ఒక వరస చదవలేకపోతోందని నేను బెంగపడుతున్నాననుకుంది ఆవిడ. ఏం కాదంది. దానికైతే నిజంగానే ఏం కాదు. ఇన్నేళ్ళుగా షాపులో అని అని నోటికి అంటుకుపోయిన మాట, ఆ జనంలో అదే వచ్చింది. మైక్రాన్లని ఒక్క మాట అనుంటే ఆవిడ నడక ఆపి ఉండేది.

లేదా ఆవిడకి అర్థమయ్యే అని ఉండొచ్చు. బుడ్డిని ఈ నెలలోనే చూసింది, కొలత గుర్తుండకుండా పోదు. బుడ్డికి లైను తక్కువైందంటే కార్నియా గురించేనని తెలియదా. తెలిసే ఉంటుంది. తొంభై తొమ్మిది పాళ్ళు తెలిసే ఉంటుంది.

ఫోను చేశాను. రెండుసార్లు మోగింది, పనిలో ఉంటారని పెట్టేశాను. ఎవరికని ఆయన అడిగితే, డాక్టరమ్మకి, లైను కలవలేదన్నాను. ఈ లైను గోల నన్ను వదిలేలా లేదు.

మార్చి 26, బుధవారం

బాబాయి మీద షాపంతా వినేలా అరిచాను.

కొత్త మైక్రోమీటరుతో కొలిచి అన్నీ సరిగ్గా ఉన్నాయని ట్రే తెచ్చాడు. నా దాంతో కొలిస్తే అన్నీ తక్కువే, రెండేసి మైక్రాన్లు. "కొత్తది కదమ్మాయ్, అదే బాగా కొలుస్తుంది," అన్నాడు. అంతే, ఎక్కడిదో కోపం.

"రెండు మైక్రోమీటర్లు రెండు రకాలుగా చెప్తుంటే నీకు నచ్చినదాన్ని నమ్ముతావా బాబాయ్? తక్కువ చూపించినదాన్ని నమ్మి పని ఆపాలని ఇన్నేళ్ళొచ్చినా తెలీదా నీకు? నువ్వసలు కొలుస్తున్నావా, కోరుకుంటున్నావా?"

బాబాయి బిత్తరపోయి చూశాడు. "పావు లైను కూడా కాదు. దానికింత అరుపేంటమ్మాయ్? ఇంట్లో ఏమైనా అయిందా?"

ఏమీ కాలేదన్నాను. కొలతల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. మధ్యాహ్నం నుంచి ఒక్క పిన్ను కూడా కొలవలేదు. గంట గంటకీ ఎవరో ఒకరు తలుపు తోసి ట్రేలేవని అడగడం, నేను కసరడం.

బుడ్డి ఎల్లుండికి మెత్తటి బట్టలు వేరుగా మడత పెట్టుకుంది.

మార్చి 27, గురువారం

డాక్టరమ్మకి ఫోను చేశాను. ఈసారి ఆవిడ ఎత్తేదాకా పెట్టేయలేదు. మళ్ళీ నోటికి లైనన్న మాటే వచ్చింది.

"లైను లైనంటారేంటమ్మా, ఎన్ని మైక్రాన్లో చెప్పండి."

"పదకొండు. మూడొందలకి పదకొండు తక్కువన్నారు మీరు. బుడ్డికి."

"ఆ పిల్లకా? దానికి నేను సరేనన్నానా?"

"అన్నారు. నేను లైనని అడిగాను."

"పలక మీది లైననుకున్నానమ్మా," అంది. సెంటరు వాళ్ళ తొంభై ఎనిమిది సంగతీ మూత సంగతీ అప్పుడు చెప్పాను, ఒక్క అంకె కూడా వదలకుండా.

"వాళ్ళ మిషను ఎక్కువ చూపిస్తోందో, నాది తక్కువ చూపిస్తోందో నేను చెప్పలేను. నా మనవరాలైతే చేయించను. మీ అమ్మాయి పెద్దది, ఏం చేసుకోవాలో తనే తేల్చుకుంటుంది. కానీ నేను సరేనన్నానని చెప్పి మాత్రం పంపకండి."

సాయంత్రం బుడ్డి ట్రైనింగు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటోంది. ఇంకాసేపు ఆగితే ఇక చెప్పలేనని నాకు తెలుసు. నిలబడే చెప్పేశాను. లైను సంగతి, పలక సంగతి, ఫోను సంగతి. అది ఒక బూటు చేతిలో పట్టుకునే అంతా వింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇందాక ఫోనులో."

"నిజం చెప్పమ్మా."

"సోమవారం. నువ్వు పలక చదువుతున్నప్పుడు."

"సోమవారం నుంచి నా పక్కన కూర్చుని భోంచేస్తున్నావు."

ఆయన గుమ్మంలోంచి, "పోనీలే తల్లీ, ఇవాళైనా చెప్పింది కదా," అన్నారు.

"నువ్వూరుకో నాన్నా." బూటు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "రేపు వెళ్ళను. అది నీ వల్ల కాదమ్మా. ఆవిడ వద్దంది కాబట్టి వెళ్ళను. నీతో మాత్రం మాట్లాడను. ఇది నీ వల్లే."

తలుపేసుకుంది. మడత పెట్టుకున్న బట్టలు మళ్ళీ అలమరలో పెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

మొదట జరిగింది మాట పొరపాటు. కానీ సోమవారం తర్వాత పొరపాటేమీ లేదు, భయమే ఉంది. చెప్తే దాని ఉద్యోగం పోతుందని భయం, చెప్పకపోతే దాని కళ్ళు పోతాయని భయం. రెంటిలో ఏది పెద్దదో తేల్చడానికి నాకు మూడు రోజులు పట్టింది. తల్లిని, నాకు మూడు రోజులు పట్టింది. చాలా సిగ్గుగా ఉంది.

మార్చి 28, శుక్రవారం

వెళ్ళలేదు. సెంటరు వాళ్ళు ఫోను చేస్తే ఆయన మాట్లాడారు. నానోమీటర్ల ఊసెత్తలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

నిజంగానే మాట్లాడడం లేదు. ఊరికే అన్నదేమో, రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. దాని మొండితనం ఎవరిదో అడగక్కర్లేదు.

భోజనాల దగ్గర నలుగురు కూర్చునే బల్ల కూడా కాదు మాది, మోకాళ్ళు తగిలేంత చిన్న బల్ల. అది వాళ్ళ నాన్న వైపు చూసి, "ఉప్పు," అంటుంది. ఆయన నా వైపు తిరిగి, "ఉప్పట," అంటారు. అక్కడే ఉందంటాను. ఆయన మళ్ళీ అటు తిరిగి, "అక్కడే ఉందట," అంటారు. ఒక్క రోజు కూడా విసుక్కోరు ఈ మనిషి. నాకే ఒళ్ళు మండి, ఇవాళ మధ్యలో లేచిపోయాను. లేచాక ఆయన, "అమ్మ లేచిపోయింది," అని దానికి చెప్పడం కూడా వినిపించింది.

షాపులో బాబాయి నా బల్ల దగ్గరికి రావడం మానేశాడు. ట్రేలు వేరేవాళ్ళతో పంపిస్తున్నాడు. నేనే వెళ్ళి ఆరోజు అలా అరిచుండాల్సింది కాదన్నాను. "పిన్నుల సంగతి నువ్వన్నది సరిగ్గానే అన్నావులే," అన్నాడు. "అరుపే ఎక్కువైంది."

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇవాళా మాట లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఆయన ఇంకా లేవలేదు. బుడ్డి వంటింట్లోకి వచ్చింది, నీళ్ళ కోసమనుకున్నాను. గట్టు మీద అద్దాలు తీసి పెట్టింది. నా ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, మొహం ముందుకి తెచ్చింది. ఇంకా తెచ్చింది. ఇంకాస్త. దాని ఊపిరి నా ముక్కుకి తగిలేదాకా వచ్చి ఆగింది. అద్దాలు లేకుండా దాని చూపు నిలిచేది జానెడు దూరం కూడా కాదు.

"ఇక్కడ కనిపిస్తున్నావు," అంది.

పీట అంచు పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే లేచిపోతుందేమోనని.

"కళ్ళ కింద ఇంత నల్లగా అయిపోయిందేంటి? నిద్రపోవడం లేదా?"

"నువ్వు మాట్లాడకపోతే ఏం నిద్ర."

"కోపం పోలేదు."

"తెలుసు."

"వచ్చే నెల ఆ పరీక్షకి వెళ్తాను. అద్దాలు పెట్టుకునే వెళ్తాను. వద్దంటే వాళ్ళనే నా మొహం మీద అననీ. ఇంట్లో కూర్చుని నాకు నేను అనుకోను," అంది. "నా కళ్ళ సంగతి ఇంకెప్పుడైనా దాస్తావా?"

"దాయను."

"ఎంత చిన్నదైనా?"

"ఎంత చిన్నదైనా."

నా మొహాన్ని అలా చూస్తూనే ఉంది, నుదురు, బుగ్గలు, గడ్డం, ఏదో వెతుకుతున్నట్టు. చిన్నప్పుడు పాలు తాగుతూ అలాగే చూసేది. ఆ దూరంలో మళ్ళీ ఇన్నాళ్ళకి. అంతలో పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడైంది. లేవబోయాను. భుజం పట్టుకుని ఆపింది.

"ఉండు," అంది. "కదిలితే మళ్ళీ మసకైపోతావు."

పాలన్నీ పొయ్యి మీదికి పొంగిపోయాయి. నేను కదల్లేదు.